ముందు కూడాలా, హెచ్చించాలా?

పాలకు 30 రూపాయలు, ఒక్కోటి 20 చొప్పున 3 కొబ్బరికాయలు. మొత్తం 90 అని మీరు ఇట్టే చెప్పేస్తారు. రాసిన వరసలోనే 30కి 20 కలిపి 3తో హెచ్చిస్తే మాత్రం 150! హెచ్చవేత ముందని మనకు బళ్ళో నేర్పారు. మరి కంప్యూటరుకో?

అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో ఆ పని చేసినవారిలో లోరిండా చెర్రీ అనే ఆవిడ ఒకరు. యూనిక్స్ కంప్యూటర్లకు ఆమె, రాబర్ట్ మోరిస్ కలిసి 'డీసీ' అనే లెక్కల ప్రోగ్రాము రాశారు. దానికి అంకెలు ముందు, గుర్తులు తర్వాత ఇవ్వాలి: 30, 20, 3, హెచ్చించు, కలుపు. దినుసులన్నీ దగ్గర పెట్టుకుని పొయ్యి వెలిగించినట్టన్నమాట. యంత్రానికి సుఖమే, మనిషికే తికమక. అందుకని 1975 నాటికి 'బీసీ' వచ్చింది. మనం మామూలుగా రాసిన లెక్కను డీసీ వరసలోకి తిప్పి అందించేది. నాకీ ఏర్పాటు భలే నచ్చింది.

మనం టైపు చేసిన ఆజ్ఞను తగిన ప్రోగ్రాముకు పురమాయించేది 'షెల్'. 1979లో వచ్చిన స్టీఫెన్ బోర్న్ షెల్‌కు కూడిక కూడా సొంతంగా రాదు. 'ఎక్స్‌పర్' అనే ఇంకో ప్రోగ్రామును పిలవాలి. పైగా హెచ్చవేతకు నక్షత్రం గుర్తు కొడితే, అక్కడున్న ఫైళ్ళ పేర్లన్నీ కాబోలనుకునేది! కొటేషన్ గుర్తుల్లో దాచి ఇవ్వాల్సి వచ్చేది. 1980లలో డేవిడ్ కార్న్ తన షెల్‌లోనే లెక్కను కలిపేశారు. జంట బ్రాకెట్లలో రాస్తే నక్షత్రం హెచ్చవేతే. 1992లో, ముందొక డాలరు గుర్తుతో, ఆ తరహా షెల్‌లకు ప్రమాణమైంది. మన పాల పద్దు అందులో వేస్తే 90 అనే వస్తుంది.