ఇసుకలో వ్రాత – తోడివారి బోధ

తరగతి గదిలో బోధన సాధనమనగానే నేడు మనకు తోచునది కంప్యూటరు. దానిచుట్టు నలుగురు పిల్లలు చేరి, ఒకరికొకరు చెప్పుకొనుచు నేర్చుకొందురనుట క్రొత్త విషయముగా భావింపబడుచున్నది. దక్షిణదేశమున ఈ పని నాలుగు శతాబ్దముల క్రిందటనే ఇసుకమీద జరిగినది.

1623లో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే కన్నడదేశమందలి ఇక్కేరికి వచ్చెను. అచ్చట ఒక గుడి వసారాలో నలుగురు బాలురు లెక్కలు నేర్చుకొనుచుండిరి. నేలపై సన్నని ఇసుక పరచియున్నది. ఒకడు పాఠములో కొంత భాగమును రాగముతో పలుకుచు, దానినే వ్రేలితో ఇసుకలో వ్రాయును. తక్కిన మువ్వురు అట్లే పలికి వ్రాయుదురు. చోటు నిండినచో చెరిపి, మరల ఇసుక చల్లుదురు. దగ్గర గురువు లేడు. తప్పు వచ్చిన దిద్దువారెవరని యాత్రికుడు అడిగెను. ఒకే చిక్కు నలుగురిని ఒక్కమారే ఆపుట అసంభవమని వారు బదులు చెప్పిరి. సహాధ్యయనమును గూర్చి ఇంతకంటె సూటియైన వివరణమును నేను చదువలేదు.

తరువాత 1789లో ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమమునకు పర్యవేక్షకుడయ్యెను. సమీపమున ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుటను చూచి, తన ఆశ్రమమున కూడ అట్లే చేయింపదలచెను. అందులకు అచ్చటి ఉపాధ్యాయులు సుముఖులు కాకపోగా, జాన్ ఫ్రిస్కెన్ అను చిన్న బాలునికే అక్షరాభ్యాస తరగతిని అప్పగించెను. పని సాగినది. 1797లో బెల్ లండనులో దీనిని గూర్చి పుస్తకము ప్రకటించెను. 1798లో అదే నగరమున జోసెఫ్ లాంకాస్టర్ తెరచిన పాఠశాలలోను పిల్లలే పిల్లలకు చెప్పు పద్ధతి పెంపొందెను. చిన్న తరగతివారికి అచ్చటను ఇసుకబల్లలే.

అయితే ఇసుక వెళ్లినట్లు ఇక్కేరి బాలుర స్వేచ్ఛ సీమకు వెళ్లలేదు. వందల పిల్లలకు ఒకే గురువు. వరుసలు, ఆజ్ఞలు, కవాతువంటి కదలికలు. నలుగురు కూడి చిక్కు విప్పుకొనుట పోయి, ఒకడు చెప్పుట, పదిమంది ఒప్పజెప్పుట మిగిలినది. సీమవారిని ఎక్కువగా ఆకర్షించినది ఆ పద్ధతిలోని చవుకతనమే కాబోలు.

ఇక మన తెలుగునాటి సంగతి. 1822లో గవర్నరు థామస్ మన్రో దేశీయ విద్యను గూర్చి కలెక్టర్లనుండి వివరములు కోరెను. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ నివేదిక పంపెను. ఈయన 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించినవాడు. నేటి అనంతపురము ప్రాంతము కూడ అప్పుడు బళ్ళారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలో 533 బడులు. వానిలో 235 కన్నడమువి, 226 తెలుగువి. విద్యార్థులు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే.

పిల్లవాడు మొదట ఇసుకలో వ్రేలితో దిద్దును. పిమ్మట పలకమీదనో, కడితముమీదనో వ్రాయును. కడితమనగా గంజిపెట్టిన గుడ్డను పుస్తకమువలె మడిచి, బొగ్గుపొడియు జిగురును పూసినది. దానిపై బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడువవచ్చును. పై తరగతివారు క్రిందివారికి చెప్పుదురు. చెప్పుటవలన వారి చదువును గట్టిపడును. ఈ ఏర్పాటును కాంప్‌బెల్ మిక్కిలి మెచ్చి, ఇంగ్లండువారు దీనిని అనుకరించుట తగినదేయనెను.

ఆయన చూపిన లోపము వేరు. చదివించు పుస్తకములు కావ్యభాషలోనివి. వాడుక మాటకు దూరమైనవి. పిల్లలు పద్యములను తడుముకొనక అప్పజెప్పుదురు గాని అర్థమెరుగరు. చెప్పగల ఉపాధ్యాయులును అరుదు. ఇక్కేరి బాలుర సమాధానము ఇచ్చట చెల్లలేదు. ఈ చిక్కు నలుగురిని, వారితోబాటు గురువును కూడ, ఒక్కచోటనే ఆపివేసినది.