వికలాంగులకు అనువైన పట్టణాలు: వికారాబాద్, తాండూరు పురపాలికల ముందున్న పని

(ప్రత్యేక వ్యాసం: పాత్రికేయుల, అధికారుల సమాచారార్థం)

ప్రధానంగా పూర్వపు రంగారెడ్డి జిల్లా ప్రాంతాలతో 2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా ఆవిర్భవించింది. జిల్లా కేంద్రమైన వికారాబాద్, నాపరాతికీ సిమెంటుకూ కందికీ పేరుపొందిన తాండూరు జిల్లాలోని ముఖ్య పట్టణాలు. వీటి మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. 2022 ఆగస్టు 16న వికారాబాద్‌లో సమీకృత జిల్లా కార్యాలయాల సముదాయం ప్రారంభమైంది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులు మొదలయ్యాయి. అదే ఏడాది ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద తాండూరు రైల్వే స్టేషన్ అభివృద్ధి పనులకు శంకుస్థాపన జరిగింది. ఇటువంటి నిర్మాణ దశలో వేసిన మెట్టు యాభై ఏళ్లు నిలుస్తుంది. ఆ మెట్టు ఎక్కలేని పౌరుడు యాభై ఏళ్లూ బయటనే ఉండిపోతాడు. వికలాంగుల కోసం పట్టణ ప్రణాళిక అన్నప్పుడు ముందుగా గ్రహించవలసిన విషయం ఇది.

వికలాంగుల సంక్షేమమనగానే పింఛను, మూడు చక్రాల బండి మన మనసులో మెదులుతాయి. పత్రికలలో వచ్చే ఛాయాచిత్రాలు కూడా ఎక్కువగా అవే. వాటి విలువ తక్కువేమీ కాదు. 2014 నవంబరులో 1,500 రూపాయలుగా ప్రారంభమైన ఆసరా వికలాంగుల పింఛను 2019లో 3,016 రూపాయలకు, 2023 జూలై నుండి 4,016 రూపాయలకు పెరిగింది. అయితే పింఛను మనిషి ఇంటికి చేరుతుంది, ఆ మనిషిని ఇంటి నుండి బజారుకు, బడికి, ఆసుపత్రికి, కార్యాలయానికి చేర్చే బాధ్యత మాత్రం పట్టణానిది. పంపిణీ చేసిన మూడు చక్రాల బండి వీధి చివరి మురుగు కాలువ దగ్గర ఆగిపోతే ఆ పంపిణీ సగమే జరిగినట్లు.

ఎంతమంది?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. నేటి తెలంగాణ పరిధిలో వీరి సంఖ్య సుమారు 10.46 లక్షలు, దాదాపు 3 శాతం. అదే గణనలో వికారాబాద్ పట్టణ జనాభా 53,143, తాండూరు జనాభా 65,115. రాష్ట్ర సగటునే అన్వయించుకుంటే రెండు పట్టణాలలో కలిపి మూడున్నర వేల మంది అవుతారు. ఇది అంచనా మాత్రమేనని గమనించగలరు. పైగా 2011లో ఎనిమిది విభాగాల కిందనే వివరాలు సేకరించారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి, పార్కిన్సన్ వ్యాధి, ఆమ్లదాడి బాధితులు, ఆటిజం ఈ జాబితాలో చేరాయి. కాలు విరిగినవారు, నిండు గర్భిణులు, మోకాళ్ల నొప్పులున్న వృద్ధులు ఏ జాబితాలోనూ లేరు. ర్యాంపు అవసరం వారికీ ఉన్నది.

పదజాలం గురించి ఒక మాట. 2015 డిసెంబరు నుండి ‘దివ్యాంగులు’ అనే పదం ప్రభుత్వ వ్యవహారంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. రాష్ట్ర శాఖల పేర్లలోనూ, పలు సంఘాల పేర్లలోనూ ‘వికలాంగులు’ కొనసాగుతున్నది. రెండింటిలో ఏది వాడినా, వ్యక్తి పేరుకు ముందు వైకల్యాన్ని బిరుదులా తగిలించే పాత అలవాటును మానుకోవడం మేలు.

చట్టం ఇచ్చిన తాళంచెవి

1996 ఫిబ్రవరి 7 నుండి అమలులో ఉన్న తొలి చట్టం పట్టణ సౌకర్యాల విషయంలో ‘ఆర్థిక స్తోమతకు లోబడి’ అనే మాటతో ఆగింది. ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరు 13న ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబర్ 1న ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. పురపాలక అధికారులు ఇందులో ప్రధానంగా రెండు సెక్షన్లను గుర్తుంచుకోవలసి ఉన్నది.

44వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత ప్రమాణాలను పాటించని సంస్థల భవన నమూనాకు అనుమతి ఇవ్వరాదు. కట్టిన తరువాతనైనా ప్రమాణాలు పాటించలేదని తేలితే పూర్తి ధ్రువపత్రం జారీ చేయరాదు, భవనాన్ని వాడుకలోకి తేనీయరాదు. 45వ సెక్షన్ ప్రకారం, ఇప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నింటినీ నియమావళి వెలువడిన నాటి నుండి ఐదేళ్లలో అనువుగా మార్చాలి. నియమావళి 2017 జూన్ 15న వెలువడింది, అంటే ఆ గడువు 2022 జూన్‌లోనే ముగిసింది. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, పాఠశాలలు, రైల్వే స్టేషన్లు, బస్ స్టాపులకు ప్రాధాన్య క్రమంలో కార్యాచరణ ప్రణాళిక రూపొందించే బాధ్యతను ఈ సెక్షన్ స్థానిక సంస్థలపై కూడా ఉంచింది.

2024 నవంబర్ 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయాన్ని మరింత బిగించింది. నియమావళిలోని 15(1) నియమం సలహా రూపంలో మాత్రమే ఉండడం చట్టానికి విరుద్ధమని పేర్కొంటూ, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలలలో రూపొందించవలసిందిగా కేంద్రాన్ని ఆదేశించింది. ఈ కేసులో న్యాయస్థానం ముందుంచిన క్షేత్ర నివేదికను తయారు చేసినది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమే.

రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7 నాటి జీ.ఓ.ఎం.ఎస్. నం. 168 ద్వారా వచ్చిన భవన నిబంధనలలో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ విధానం ఉన్నది. కనుక కొత్త వ్యవస్థ ఏదీ అవసరం లేదు. ఆ సర్టిఫికెట్ మీద సంతకం చేసే ముందు అధికారి గుమ్మం ముందు నిలబడి, ర్యాంపు పొడవును టేపుతో కొలిస్తే చాలు. 2020లో స్వీయ ధ్రువీకరణ పద్ధతి వచ్చిన తరువాత ఈ తనిఖీకి ప్రాధాన్యం తగ్గలేదు, మరింత పెరిగింది.

ఒకటికి పన్నెండు

ర్యాంపుకు నిర్ణయించిన వాలు 1:12. అంటే అర అడుగు మెట్టుకు ఆరు అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తున్న అరుగుకు పద్దెనిమిది అడుగుల పొడవు కావాలి. ఈ చిన్న లెక్క తెలియకనో, స్థలం లేదనో, చాలాచోట్ల అడుగున్నర అరుగుకు మూడు నాలుగు అడుగుల సిమెంటు పోత పోసి ర్యాంపు అని లెక్క రాస్తారు. దాని మీద ద్విచక్ర వాహనం ఎక్కగలదు కాని, చక్రాల కుర్చీ ఎక్కలేదు. ఎక్కినా దిగేటప్పుడు పడిపోయే ప్రమాదమున్నది. ర్యాంపుకు పట్టుకొమ్మి, పైన కుర్చీ తిరగడానికి ఐదడుగుల సమతల స్థలం, కనీసం మూడడుగుల ద్వారం ఉండాలి. ద్వారం వద్ద ఎత్తైన గడప ఉంటే మిగిలినవన్నీ ఉన్నా ప్రయోజనం లేదు. ఎన్నికల సమయంలో పోలింగ్ కేంద్రాలైన పాఠశాలలకు ర్యాంపులు అమరుస్తారు. వాటిని చెక్కతో తాత్కాలికంగా కాక శాశ్వతంగా నిర్మిస్తే మిగిలిన ఐదేళ్లూ పిల్లలకు ఉపయోగపడతాయి.

తాండూరు విషయంలో ఒక ప్రత్యేక సానుకూలత ఉన్నది. రాష్ట్రంలోని ఎన్నో ఇళ్ల నేలలు తాండూరు బండలే. నీలి బండ, పసుపు బండ రెండూ ఇక్కడే తీస్తారు, ఇక్కడే కోస్తారు, ఇక్కడే నునుపు చేస్తారు. పాలిష్ చేసిన బండ తడిసినప్పుడు జారుతుంది. ఊతకర్ర వాడేవారికి ఇది ప్రమాదకరం. ర్యాంపులకు, కాలిబాటలకు, ఆసుపత్రి వరండాలకు గరుకు తలం ఉన్న బండనే వాడాలని టెండరు షరతులలో ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది. అంధులు చేతికర్రతో, పాదాలతో గుర్తించే గీతలు, చుక్కల పలకలను ప్రపంచంలో మొదటిసారి 1967లో జపాన్‌లోని ఒకయామా నగరంలో వేశారు. రాతిని కోయడం వృత్తిగా గల పట్టణంలో అటువంటి పలకల తయారీని ప్రయోగాత్మకంగా చేపట్టడం అసాధ్యమేమీ కాదు. స్థానిక యూనిట్లు ఈ దిశగా ఆలోచించవచ్చును.

పాత బజారు వీధులలో సమస్య వేరు. రోడ్డుకూ దుకాణానికీ మధ్య మురుగు కాలువ, దాని మీద ఎవరి బండ వారిదే, ఎవరి ఎత్తు వారిదే. కాలువ పనులకు పురపాలక సంఘం అంచనాలు తయారు చేసేటప్పుడే మూతబండలన్నీ ఒకే మట్టంలో ఉండేలా నిర్ణయిస్తే కాలిబాట దానంతటదే ఏర్పడుతుంది. ఇందుకు విడిగా వికలాంగుల నిధి కోసం ఎదురుచూడనవసరం లేదు.

బస్సు, రైలు

2023 డిసెంబర్ 9 నుండి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం అమలవుతున్నది. పోలియో సోకిన మహిళకు టిక్కెట్టు ఉచితమే, కాని బస్సు మొదటి మెట్టు ఎత్తు తగ్గలేదు. తక్కువ ఎత్తు బస్సులు జిల్లా మార్గాలకు వచ్చే వరకు, బస్ స్టేషన్లలో ఒక ప్లాట్‌ఫారం అంచును పెంచి, బస్సును దానికి ఆనించి నిలపడం అందుబాటులో ఉన్న ఉపాయం. వికారాబాద్ సికింద్రాబాద్–వాడి మార్గంలో, పర్లి వైపు లైను చీలే జంక్షన్. రైలు మారవలసిన చోట లిఫ్టు గాని ర్యాంపు గాని విలాసం కాదు.

ర్యాంపు అవసరం లేని వైకల్యాలు కూడా ఉన్నాయి. నీటి సరఫరా వేళల మార్పును మైకులో ప్రకటిస్తే బధిరులకు తెలియదు. నోటీసు బోర్డుపై అంటిస్తే అంధులకు తెలియదు. రెండూ చేసి, ఫోన్‌కు సంక్షిప్త సందేశం కూడా పంపితే అందరికీ తెలుస్తుంది. కర్ణాటక సరిహద్దున ఉన్న తాండూరులో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపిస్తాయి. కార్యాలయాలలో బొమ్మల గుర్తులతో కూడిన బోర్డులు ఇక్కడ అందరికీ ఉపకరిస్తాయి. మేధోవైకల్యం గల పిల్లల తల్లిదండ్రులకు సికింద్రాబాద్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ సేవలు ఉన్నాయి. కాని ప్రతి చిన్న శిక్షణకూ అంత దూరం వెళ్లడం కూలికి వెళ్లే కుటుంబానికి భారమే. కొత్త వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ, తాండూరు జిల్లా ఆసుపత్రిలోనూ ఫిజియోథెరపీ, వినికిడి పరీక్ష, వైకల్య నిర్ధారణ శిబిరాలు నిర్ణీత రోజులలో జరిగితే ఆ భారం చాలావరకు తీరుతుంది.

వానాకాలంలో కాగ్నా ఉప్పొంగినప్పుడు మంచం మీద ఉన్నవారిని ఎవరు, ఎలా తరలించాలి? జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ వికలాంగుల వివరాలను నమోదు చేసి ఉంచుకోవాలని చట్టంలోని 8వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. వార్డు స్థాయిలో ఆ జాబితా లేకపోతే వరద రోజున వెతుక్కోవలసి వస్తుంది.

నిర్ణయంలో పాలు

గృహ కేటాయింపులలో, పేదరిక నిర్మూలన పథకాలలో, ఉపాధి, వ్యాపారాలకు రాయితీపై ఇచ్చే స్థలాలలో 5 శాతం వికలాంగులకు కేటాయించాలని 37వ సెక్షన్ చెబుతున్నది. బహుళ అంతస్తుల గృహాలలో ఆ 5 శాతం కింది అంతస్తులో ఉన్నప్పుడే దానికి అర్థం ఉంటుంది.

2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం ప్రతి వార్డులో యువజన, మహిళా, వయోవృద్ధుల, ప్రముఖ పౌరుల కమిటీలకు వీలు కల్పించింది. వికలాంగులకు ప్రత్యేక కమిటీ లేదు. అయినప్పటికీ ఈ నాలుగింటిలోనూ వికలాంగులను తీసుకోవడానికి ఆటంకమేదీ లేదు. తమిళనాడు శాసనసభ 2025 ఏప్రిల్‌లో స్థానిక సంస్థలలో వికలాంగులను నామినేట్ చేసే సవరణలను ఆమోదించింది. కాలువ మూత ఎక్కడ పగిలిందో కమిటీలో అందరికన్నా ముందు చెప్పగలిగేది ఆ వీధిలో చక్రాల కుర్చీపై తిరిగే మనిషే.

ఫిర్యాదు ఎవరికి?

ప్రతి ప్రభుత్వ కార్యాలయంలోనూ 23వ సెక్షన్ కింద ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఉద్యోగ విషయాలలో వివక్షకు సంబంధించిన ఫిర్యాదును ఆయన రిజిస్టరులో నమోదు చేసి, రెండు వారాలలోగా విచారించాలి. ఫలితం సంతృప్తికరంగా లేకపోతే జిల్లా స్థాయి కమిటీని ఆశ్రయించవచ్చు. చట్ట ఉల్లంఘనకు మొదటిసారి 10,000 రూపాయల వరకు, ఆపై ప్రతిసారీ 50,000 నుండి 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నది. భవనాలు, రవాణా మొదలైన ఇతర హక్కుల విషయంలో రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చును. విచారణ సందర్భంలో కమిషనర్‌కు సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి విషయాలలో సివిల్ న్యాయస్థానపు అధికారాలు ఉంటాయి. కమిషనర్ చేసిన సిఫారసుపై సంబంధిత అధికారి మూడు నెలలలోగా తీసుకున్న చర్యను తెలియజేయాలి. అంగీకరించని పక్షంలో అందుకు కారణాలను కమిషనర్‌కు నివేదించి, ఫిర్యాదుదారుకు కూడా ఆ సమాచారం ఇవ్వాలి.