కన్యారాశిలోని తిన్నని కిరణము

కన్యారాశిలో, మెసియే పట్టికయందు 87వ సంఖ్య గల నీహారిక యొకటి కలదు. 1918లో అమెరికాలోని లిక్ వేధశాలయందు హీబర్ కర్టిస్ అను పండితుడు నీహారికల ఛాయాచిత్రములను వర్ణించుచు, దీని నడిమినుండి సన్నని దారముతో తగిలియున్నట్లు తిన్నని కిరణ మొకటి కనబడుచున్నదని వ్రాసెను. కారణ మేమియు జెప్పలేదు. సుడి నీహారికలు మన పాలపుంతకు వెలుపలి నక్షత్రలోకములని 1920లో షాప్లీతో వాదించిన ప్రసిద్ధుడు గూడ నీతడే. ఆ వాదము గ్రంథముల కెక్కెను. ఈ కిరణము మాత్రము చాలకాలము మూలబడియుండెను.

శ్రోతలారా, దానిని మరల వెలికి దెచ్చినవి మీ యింట నీ మాటలను వినిపించుచున్న రేడియో తరంగములవంటివే. 1949లో ఆస్ట్రేలియాయందు బోల్టన్, స్టాన్లీ, స్లీ యనువారు కన్యారాశినుండి వచ్చు తరంగములకు జన్మస్థానము ఈ నీహారికయే యని గుర్తించిరి. ఎలక్ట్రానులు ఇంచుమించు కాంతివేగముతో అయస్కాంత క్షేత్రమున మెలికలు తిరుగునపుడు ఇట్టి తరంగములు పుట్టును. అట్లు పుట్టిన వెలుగునకు ధ్రువణము, అనగా ఒకే దిక్కున విశేషముగా కంపించు గుణము, ఉండును. 1956లో బాడే ఆ కిరణమునందు ధ్రువణమును కనుగొనెను. కావున నది నక్షత్రముల వరుస గాదు. మహావేగముతో పరుగెత్తు కణముల ధార.

ఈ లోపల మఱియొక చిక్కు వచ్చిపడెను. 1953లో ఇంగ్లండునందు జెన్నిసన్, మన వంగదేశీయుడు మృణాల్ కుమార్ దాస్ గుప్త యనువారు హంసమండలమందలి రేడియో మూలమును కొలిచి, తరంగములు ఒక్కచోటినుండి గాక, ఇరువైపుల నెడముగానున్న రెండు ప్రదేశములనుండి వచ్చుచున్నవని చూపిరి. నడుమ పుట్టిన శక్తి అంత దూరమున కెట్లు చేరును? కాలువ కడపటి చేనికి నీరు మోయునట్లు జంటధారలు దానిని ఎడతెగక మోయుచున్నవని 1974లో బ్లాండ్‌ఫర్డ్, రీస్ సమాధానము చెప్పిరి.

అట్లయిన కన్యారాశి నీహారికలో ఒక్క ధారయే కనబడుట యేల? మనవైపు వచ్చు ధారకు ప్రకాశము హెచ్చును. ఆవలికి పోవునది మసకబారును. ఈ ధారలోని ముడులు కాంతికి ఆరు రెట్ల వేగముతో కదలుచున్నట్లు 1999లో హబుల్ దూరదర్శిని చిత్రములవలన తెలిసినపుడు పలువురు విస్మయపడిరి. కాంతిని మించినది లేదు. తమ వెలుగును తామే తరుముకొనుచు మనవైపు వచ్చుటచే గలుగు భ్రమ యది.

ఇక ధార మొదలు. త్రాటి కొనను త్రిప్పిన పెన పొడవునను ప్రాకునట్లు, తిరుగుచున్న కృష్ణబిలము అయస్కాంత రేఖలను మెలివెట్టి తన భ్రమణశక్తిని వెలుపలికి పంపునని 1977లో బ్లాండ్‌ఫర్డ్, జ్నాజెక్ గణించిరి. ఐదున్నర కోట్ల కాంతివత్సరముల దూరమున, 650 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి గల యా బిలపు నీడను 2019 ఏప్రిల్ 10న లోకము చూచెను. 2023లో ప్రకటింపబడిన చిత్రమున బిలము చుట్టునున్న వలయమును, ధార మొదలును కలిసి కనబడినవి. ధారను త్రోయుటలో బిలపు భ్రమణ మెంత, చుట్టు తిరుగు వాయువుల పళ్లె మెంత, ఎలక్ట్రానులకు తోడుగా పోవునవి ప్రోటానులా పాజిట్రానులా యను వాదములు మాత్రము ఇంకను నడచుచున్నవి.