ధవళేశ్వరం విడిచిన పంతులు

ధవళేశ్వరం చరిత్ర అనగానే 1847లో మొదలై 1852లో పూర్తయిన గోదావరి ఆనకట్ట, దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ గుర్తుకు రావడం సహజమే. ఊరికి వచ్చిన యాత్రికుడికి మొదట చూపించేవి కాటన్ విగ్రహం, మ్యూజియమే కాబట్టి, ఆనకట్ట పూర్తయిన పాతికేళ్లలోపే ఈ ఊళ్లో ఉద్యోగం చేసి వెళ్లిపోయిన ఒక బడిపంతులు ప్రస్తావన వెనకబడింది. ఆయన కందుకూరి వీరేశలింగం. ‘పంతులు’ అనే మాట ఒక శాఖవారి పేర్ల చివర గౌరవవాచకంగానూ, బడిలో చదువు చెప్పేవాడు అనే అర్థంలోనూ వాడుకలో ఉంది. ఆయన విషయంలో రెండర్థాలూ సరిపోయాయి.

1848లో రాజమహేంద్రవరంలో పుట్టిన వీరేశలింగం, గోదావరి ముఖద్వారం దగ్గరి రేవుపట్టణమైన కోరంగిలో కొంతకాలం పనిచేసి, 1874లో ధవళేశ్వరం ఇంగ్లీషు పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వచ్చారు. కోరంగి 1839 నాటి తుపానుకు దెబ్బతిని, ఆపైన రేవు పూడిపోతూ క్షీణిస్తున్న ఊరు. ధవళేశ్వరం సంగతి వేరు. తూర్పు డెల్టా కాలువలు ఇక్కడి తలలాకుల దగ్గరే మొదలవుతాయి. లాకు అంటే కాలువకు అడ్డంగా తలుపులు బిగించి, నీటిమట్టాన్ని పెంచుతూ తగ్గిస్తూ పడవలను దాటించే కట్టడం. ఆనకట్ట పని కోసం వెలసిన కర్మాగారాలు, వాటిని నమ్ముకుని వచ్చిన గుమాస్తాలు, పనివాళ్లు ఊరి రూపాన్ని మార్చారు. ఇంగ్లీషు అక్షరం వస్తే ఉద్యోగం వస్తుందన్న నమ్మకం ఇలాంటి ఊళ్లో తొందరగానే బలపడుతుంది.

ఆ నమ్మకం మగపిల్లల చదువు దగ్గరే ఆగిపోయింది. వీధి అరుగు మీద ఇసుక పరిచి, పిల్లవాడి వేలు పట్టుకుని ‘ఓనమాలు’ దిద్దించే వీధిబడుల్లో సాధారణంగా ఆడపిల్లలు కనిపించేవారు కారు. చదువుకున్న స్త్రీకి వైధవ్యం వస్తుందన్న భయం కూడా అప్పటి ఇళ్లలో ఉండేది. అటువంటి కాలంలో, పగలు మగపిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో ఉంటూనే, వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల నెలకొల్పారు. ఆ సంవత్సరమే ‘వివేకవర్ధని’ పత్రిక కూడా మొదలుపెట్టారు. దగ్గరలో అచ్చుయంత్రం లేనందువల్ల పత్రికను మొదట మద్రాసులో అచ్చు వేయించవలసి వచ్చింది. రైలు ఇంకా ఈ వైపు రాని ఆ రోజుల్లో, రాతప్రతి మద్రాసు చేరి అచ్చయి తిరిగి వచ్చేసరికి పట్టే కాలాన్ని తలుచుకుంటే, పత్రిక నడపడమంటే ఎంత ఓపికతో కూడిన పనో తెలుస్తుంది.

1876లో ఆయన ధవళేశ్వరం ఉద్యోగం వదిలి, రాజమహేంద్రవరం ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా చేరారు. దీన్ని మామూలు బదిలీగా చూడడం పొరపాటు. చిన్నదైనా ఒక బడికి పెద్దగా ఉన్న మనిషి, ఇంగ్లీషు ఉపాధ్యాయులకన్న తెలుగు పండితులను తక్కువగా చూసే వ్యవస్థలో, కోరి తెలుగు పండితుడయ్యారు. ప్రధానోపాధ్యాయుడి కుర్చీ పోయింది. సొంత ఊరు, సొంత అచ్చుయంత్రం పెట్టుకునే వీలు, పై తరగతుల విద్యార్థులు దక్కారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో ఆయన జరిపించిన తొలి వితంతు వివాహం వెనక విద్యార్థుల అండ ఉందన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ మార్పులోని లెక్క అర్థమవుతుంది. 1899లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లేదాకా ఆయన ఆ ఊళ్లోనే పాఠం చెప్పారు. ఆయన జీవితచరిత్రల్లో ధవళేశ్వరం ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టుకోవడానికి ఇదే కారణం.

అయితే వీడ్కోలు అనదగినది ఒకటి ఆలస్యంగా వచ్చింది. 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడిన ఆయన నవల ‘రాజశేఖర చరిత్రము’ గోదావరి వర్ణనతో మొదలై, రాజమహేంద్రవరానికి రెండు క్రోశాల దూరంలోని ధవళగిరి, అంటే ధవళేశ్వరం కొండ దగ్గర ఆగుతుంది. క్రోశం అంటే సుమారు రెండు మైళ్లు. కొండ మీది జనార్దనస్వామి గుడి, కింద నది, గుడిని ఆనుకుని అల్లుకున్న ఊరి వ్యవహారం కథలోకి వచ్చాయి. ఆలివర్ గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణ ఈ నవలకు ఉన్నదని సాహిత్య విమర్శకులు చెబుతారు. ఆ ఛాయ మాట ఎలా ఉన్నా, కథకు నేలగా ఆయన ఎంచుకున్నది పుట్టిపెరిగిన రాజమహేంద్రవరాన్ని కాదు, రెండేళ్లు పాఠం చెప్పిన ఈ ఊరిని. పెద్ద నగరం ఒకటి పక్కనే ఉన్నందువల్ల ఎప్పుడూ దాని పొరుగూరుగానే చెలామణి అయ్యే ధవళేశ్వరానికి ఇది చిన్న గౌరవం కాదు.

కథానాయకుడు రాజశేఖరుడు ఈ ఊరి గృహస్థు. ముఖస్తుతికి లొంగి, బంగారం చేస్తానన్న యోగిని నమ్మి, ఆస్తి పోగొట్టుకుని, కుటుంబంతో కాశీయాత్రకని ధవళేశ్వరం విడిచి బయలుదేరుతాడు. కష్టాలు ఎదురై, ఆ ప్రయాణం పెద్దాపురం ప్రాంతంలోనే నిలిచిపోతుంది. హచిన్సన్ అనే ఆంగ్లేయుడు 1887లో ‘ఫార్చూన్స్ వీల్’ పేరుతో దీన్ని ఇంగ్లీషు చేసినందువల్ల, కాశీ చేరని రాజశేఖరుడి కథ, దానితోపాటు ధవళేశ్వరం కొండ, గోదావరి ఒడ్డు, తెలుగు రాని పాఠకుల చేతికి వెళ్లాయి.