చదువుల యంత్రంలో మొదలైన చాటింగ్

వాట్సాప్ వచ్చి చదువులు చెడగొట్టిందని పెద్దవాళ్ళు అంటుంటారు. కానీ కాస్త వెనక్కి వెళ్ళి చూస్తే, తొలినాటి చాటింగ్ కనిపించేది ఒక చదువుల యంత్రంలోనే.

1960లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ 'ప్లేటో' అనే కంప్యూటర్ వ్యవస్థ మొదలుపెట్టాడు. ఒక్కో విద్యార్థికీ యంత్రమే విడిగా పాఠం చెప్పాలన్నది ఆలోచన. విద్యార్థులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అందులో భాగం కాదు.

తర్వాత్తర్వాత వాడేవాళ్ళు పెరిగారు. లోపాలుంటే రాయడానికి ఒక ఉమ్మడి ఫైలు ఉండేది. అందులో ఎవరు రాసిందైనా ఇంకెవరైనా చెరిపేయొచ్చు. 1973లో దీన్ని సరిచేసే పని డేవిడ్ వూలీ అనే 17 ఏళ్ళ కుర్రాడి చేతికొచ్చింది. అతను తయారుచేసిన 'నోట్స్'లో రాసినవాళ్ళ పేరు, తేదీ వాటంతటవే పడేవి. ప్రశ్న వెనకే జవాబులు వరసగా చేరేవి. అదే ఏడాది వచ్చిన 'టాకోమాటిక్'లో ఐదుగురు ఒకేసారి కబుర్లాడుకోవచ్చు. టైపు చేస్తుండగానే ఒక్కో అక్షరమూ అవతలివాళ్ళకి కనిపించేది.

లోపాలు చెప్పుకోవడానికి పెట్టిన చోటు అలా నలుగురూ కలిసే రచ్చబండ అయింది.

నేను చూసిన కొన్ని కాలేజీ గ్రూపుల్లో అడ్మిన్ తప్ప ఎవరూ రాయడానికి వీల్లేదు. విద్యార్థి నోటీసు చదువుకోవాలి, అంతే. చేతిలో ఇవాళ్టి ఫోను ఉన్నా, పద్ధతి మాత్రం ఆ కుర్రాడు రాకముందుదే.