నూట ఇరవై ఏడు డిగ్రీల జ్వరం

పోయిన వేసవిలో మా ఇంట్లో కంప్యూటరుకి జ్వరం వచ్చింది. వచ్చిందని నేననుకున్నాను. మా అబ్బాయి సెలవులకి వచ్చినప్పుడు అందులో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టి వెళ్ళాడు. లోపల ఎక్కడెక్కడ ఎంత వేడి ఉందో చూపిస్తుందిట. ఊరికే ఉండలేక తెరిచి చూశాను కదా, ఒక వరసలో 38, ఇంకో వరసలో 52, ఆ కిందది ఏకంగా 127! గుండె గుభేలుమంది. నీళ్ళు మరిగేదే నూరు డిగ్రీల దగ్గర. 127 అంటే ఆ పెట్టె మీద ఇడ్లీలు ఉడికించుకోవచ్చన్నమాట. భయపడుతూనే చెయ్యి వేసి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

రిపేరు చేసే కుర్రాడికి ఫోను చేస్తే, "బోర్డు పోయేముందు ఇలాగే చూపిస్తుందమ్మా, మార్చేయడం మంచిది" అన్నాడు. ఎంతవుతుందని అడిగి, విని, ఫోను పెట్టేశాను. అంత డబ్బు పోసేముందు ఈ అంకెల సంగతేమిటో తేల్చుకోవాలనిపించింది. తేల్చుకోబోతే అది నన్ను మూడొందల ఏళ్ళ వెనక్కి తీసుకుపోయింది.

చిన్నప్పుడు మాకు ఒళ్ళు వెచ్చబడితే అమ్మ ముందు నుదుటి మీద చెయ్యి ఆనించేది, తర్వాత మెడ కింద. థర్మామీటరు ఆ తర్వాతే. అందులో 98.4 దగ్గర ఉండే గుర్తు బ్రహ్మదేవుడు పెట్టాడనుకునేదాన్ని. తీరా చూస్తే, ఆ కొలతకి పేరిచ్చిన ఫారెన్‌హీట్ గారు 1724లో రాసిన వ్యాసంలో ఆరోగ్యవంతుడి ఒంటివేడి 96 అన్నారు! మంచూ నీళ్ళల్లో నవాసాగరం (వెనక గిన్నెలకి కళాయి వేసేవాళ్ళు వాడేవారే, అదే) కలిపితే వచ్చే చల్లదనం సున్నా. ఉత్త మంచూ నీళ్ళూ అయితే 32. నోట్లోనో చంకలోనో పెడితే 96. తర్వాతివాళ్ళు నీరు మరిగే చోటుని 212 అని ఖాయం చేసి గీతలు సర్దారు. దాంతో జ్వరం లేకుండానే మనుషులందరికీ రెండు డిగ్రీలు పెరిగాయి.

అంతకన్నా విచిత్రం స్వీడన్ దేశపు సెల్సియస్ గారిది. ఉప్సలాలో ఖగోళశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. 1742లో ఆయన ప్రకటించిన కొలతలో నీళ్ళు మరిగేది సున్నా దగ్గర, గడ్డకట్టేది నూరు దగ్గర! చలి ముదిరినకొద్దీ అంకె పెరుగుతుంది. ఆ చలిదేశంలో రోజూ మైనస్ గుర్తు రాసుకునే బాధ తప్పుతుందనుకున్నారు కాబోలు. ఇది నా ఊహ సుమండీ. 1744లో, 42 ఏళ్ళకే, క్షయతో పోయారాయన. తర్వాత స్వీడన్‌లో ఆ కొలతని తలకిందులు చేశారు. మనమిప్పుడు వాడుతున్నది ఆ తిరగేసినదే, పేరు మాత్రం ఆయనది.

ఈ సోదంతా కంప్యూటరుకెందుకంటారా? అక్కడికే వస్తున్నాను. చిప్పులో పాదరసం ఉండదు. డయోడు లాంటి అతి చిన్న భాగం ఉంటుంది. వేడెక్కినకొద్దీ దాని వోల్టేజి డిగ్రీకి రెండు మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. దాన్నిబట్టే లెక్క. 2006లో వచ్చిన ఇంటెల్ కోర్ రకాల నుంచి ఒక కొత్త పద్ధతి పెట్టారు. చిప్పు "నాకింత వేడి" అని చెప్పదు. "నా హద్దుకి ఇంకా ఇన్ని డిగ్రీల దిగువన ఉన్నాను" అంటుంది. హద్దు దగ్గర సున్నా. అచ్చం సెల్సియస్ గారి మొదటి కొలతే! నా తెర మీద 52 కనిపిస్తే, ప్రోగ్రాం నూరులోంచి 48 తీసేసి చూపిస్తోందన్నమాట.

మరి ఆ హద్దెంతో తెలియకపోతే? కోర్ 2 రకం డెస్క్‌టాప్ చిప్పులకి సరిగ్గా అదే జరిగింది. 2008 దాకా ఇంటెల్ వారు ఆ అంకె బయటపెట్టలేదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళలో ఒకరు 85 అనుకున్నారు, మరొకరు 100 అనుకున్నారు. అదే చిప్పు, అదే క్షణం, 15 డిగ్రీల తేడా. ఏఎండీ వారిది ఇంకో ముచ్చట. 2017లో వచ్చిన రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ చిప్పులు ఉన్న వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. ఆ వరసలోని చిప్పులన్నిటికీ ఫ్యాను ఒకే తీరున తిరగాలని కావాలనే అలా పెట్టామని ఆ సంస్థే చెప్పింది. మావారు ఆఫీసుకి ఆలస్యమవకూడదని నేను గోడగడియారం పది నిమిషాలు ముందుకి తిప్పి పెట్టేదాన్ని. ఇదీ అలాంటిదే.

ఇక మా 127. బోర్డు మీద వేరే చిప్పు ఒకటుంటుంది, నాలుగైదు చోట్ల నుంచి వేడి కబురు అందుకోవడానికి. తయారుచేసేవాళ్ళు అన్ని చోట్లకీ తీగలు కలపరు. కలపని చోట ఏదో ఒక పిచ్చి అంకె వస్తుంది. మైనస్ గుర్తుతో సహా ఎనిమిది బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 127ట! అంటే అవతల పలికే నాథుడే లేడు. మర్నాడు పొద్దున్నే చల్లటి పెట్టెని ఆన్ చేసి చూశాను. మొదటి నిమిషంలోనే 127. సాయంత్రానికీ అదే 127. నిజమైన వేడి అయితే మెట్టు మెట్టుగా ఎక్కాలి కదండీ.

ఎక్కుతున్నది వేరొకటుంది. నేను ఎంతో సాధువనుకున్న ఆ 52, మా అబ్బాయితో వీడియోలో మాట్లాడుతుండగా 60, 75, చివరికి 91 దాకా పోయింది. హద్దుకి తొమ్మిదే తక్కువ. హద్దు తగిలితే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుందిట. అప్పటికీ చల్లబడకపోతే మొత్తం ఆపేసుకుంటుందిట. ఎండాకాలంలో వాడి మొహం తెర మీద బిగుసుకుపోవడానికి ఇంటర్నెట్టుని తిట్టిపోశాను ఇన్నాళ్ళూ!

కరెంటు తీసేసి, పక్క రేకు విప్పి చూస్తే, ఫ్యాను కింద దుమ్ము దుప్పటిలా పరుచుకుంది. రంగులేసే కొత్త కుంచెతో గంటసేపు దులిపాను. ఆ రాత్రి వాడితో ముప్పావుగంట మాట్లాడినా 68 దాటలేదు.

127 మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. మొన్న మా ఆడపడుచు చూసి, "అయ్యో వదినా, ఇది పేలిపోతుందేమో!" అని కుర్చీ వెనక్కి లాక్కుంది. కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, సెల్సియస్ గారి దగ్గర్నుంచి మొదలెట్టాను.