ఆరుంబావు సెంట్ల దీపం

నిన్న రాత్రి ఎనిమిదింటికి మా పెరట్లో గోంగూర కోశాను. చదివేవాళ్ళకి ఇదేమంత సంగతి కాదు. కానీ మా అత్తకి డెబ్బై ఆరేళ్ళు. పొద్దు గూకాక మొక్కల మధ్య దీపం పెట్టుకుని పని చేసుకోవడం ఆవిడ తన బతుకులో ఈ రెండేళ్ళుగానే చూస్తోంది. ఆ మాట ఆవిడ నోట విన్నప్పటినుంచీ, నేను కోడలిగా వచ్చిన ఈ దేశం కథ మీకు ఎప్పుడైనా రాస్తే దీపాలతోనే మొదలుపెట్టాలని అనుకుంటూ వచ్చాను.

బాగన్ దాతుక్ మలేసియా పడమటి తీరంలో, పెరాక్ రాష్ట్రంలో ఉంది. ఒక పక్క పెరాక్ నది, ఇంకో పక్క బెర్నామ్ నది సముద్రంలో కలుస్తాయి. ఆ రెండు మొగల మధ్య పల్లపు నేల మాది. కోనసీమ చూసినవాళ్ళకి వేరే వర్ణన అక్కర్లేదు: కొబ్బరి, కాలవలు, ఉప్పుగాలి. కాలవని ఇక్కడ పారిట్ అంటారు. కాలిమంతాన్ నుంచి వచ్చిన బంజార్లూ, జావావాళ్ళూ పారిట్లు తవ్వి, కట్టలు పోసి, చిత్తడిని సాగు నేల చేశారు. ఆ వెనక దొరల కొబ్బరి తోటలు, వాటి వెనకే మనవాళ్ళు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పుట్టింది ఈ పక్కనే ఉన్న రుంగ్‌కుప్‌లో. నేటి మలేసియా తెలుగు సంఘం అదే. 2017లో పెరాక్‌కి పన్నెండో జిల్లాగా బాగన్ దాతుక్ విడివడింది.

మా పెరడు ఆరుంబావు సెంట్లు. మావయ్య బతికుండగా కంచె వేసినప్పుడు కావాలనే అంత కొలిచారట. ఎందుకన్నది తర్వాత చెబుతాను. వంగ, బెండ, ఆనప పందిరి, రెండు మునగలు, కరివేపాకు, ఒక మూల గోంగూర. మధ్యలో జింకు రేకుల పాక. మలయ్‌లో పొండోక్. పార, గంప, ఎరువు బస్తా, అత్త కూర్చునే పీట అందులోనే. నేను పని నుంచి ఇంటికి చేరేసరికి ఆరు దాటుతుంది. చీకటి పడే లోపు దొరికేది గంట.

ఆ గంట ఏడాది పొడుగునా గంటే. సిక్కోలులో డిసెంబరొస్తే ఐదున్నర కాకుండానే పొద్దు వాలుతుంది, జూన్‌లో ఆరు దాటాక కూడా వెలుగుంటుంది. ఇక్కడ మేము భూమధ్యరేఖకి నాలుగు డిగ్రీల ఉత్తరాన ఉన్నాం. పగలూ రాత్రీ ఎప్పుడూ ఇంచుమించు సమానం. సూర్యుడు ఏడుకీ ఏడున్నరకీ మధ్య దిగిపోతాడు, దిగాక సందెవెలుగు ఎంతోసేపు నిలవదు. మరి నడినెత్తిన సూర్యుడుండే చోట ఆరింటికి కాక ఏడు దాటాక చీకటి పడటమేమిటని కొత్తలో నాకు ఆశ్చర్యం. అది గడియారం చేసిన పని. సముద్రం అవతలి సబా, సరవాక్ రాష్ట్రాలతో ఒకే వేళ ఉండాలని 1982 జనవరి 1న ఇక్కడి గడియారాలు అరగంట ముందుకి తిప్పారు. అంతకు ముందు జపానువాళ్ళు 1942లో ఈ దేశాన్ని పట్టుకుని ఏకంగా టోక్యో వేళనే పెట్టేశారు. ఆ మూడున్నరేళ్ళూ మా పొద్దు గడియారంలో ఎనిమిది దాటాక గూకేది. తోటల్లో కూలీని లేపే గంట గడియారాన్ని బట్టి మోగింది, కోళ్ళని బట్టి కాదు.

మా ఆయన ముత్తాత 1920లలో కంగాణి వెంట, అంటే తోటలకి కూలీలని కూడగట్టే మేస్త్రీ వెంట వచ్చాడు. మద్రాసు దగ్గర ఆవడి డిపోలో ఉంచి, ఓడెక్కించి, పినాంగ్‌లో దింపారు. తోటలో లైను ఇల్లు, అంటే వరసగా కట్టిన కూలీల ఇళ్ళలో ఒకటి, ఇచ్చారు. తెల్లారకముందే హాజరు, మధ్యాహ్నం దాటాక విడుదల. ఆనాటి మలయా లేబర్ కోడ్‌లో ఒక షరతు ఉండేది: పెళ్ళాం పిల్లలున్న ప్రతి కూలీకీ సాగుకో పశువుల మేపుకో పదహారో వంతు ఎకరం తోట యజమాని కేటాయించాలి. లెక్క వేయండి. ఎకరానికి వంద సెంట్లయితే పదహారో వంతు ఆరుంబావు సెంట్లు. మావయ్య కొలత అదే. వాళ్ళ తాతకి దొర చూపించిన మడి ఎంతో, తన డబ్బుతో కొన్న నేలలో అంతకే కంచె వేశారాయన. మిగతాది ఇల్లు.

ఆ మడిలో పని చేయడానికి మధ్యాహ్నం నుంచి చీకటి దాకా ఉన్న వేళే వేళ. తర్వాత దీపం ఉండేది కాదు. ఉంటే గింటే ఇంట్లో ఒక గుడ్డి దీపం. కిరసనాయిలుని మలయ్‌లో మిన్యాక్ తానా అంటారు. మిన్యాక్ నూనె, తానా మట్టి. మట్టినూనె! మొదటిసారి విన్నప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆ మట్టినూనె కొనుక్కోవాలి, కూలి డబ్బుల్లోంచే కొనుక్కోవాలి. వంకాయలకి చూపించడానికి ఎవరు ఖర్చు పెడతారు?

నన్ను వదలని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. మా ఊరి పక్కన సముద్రంలో కలిసే ఈ పెరాక్ నది మీదే, ఎగువన చెందెరో దగ్గర ఆనకట్ట కట్టి 1930లో జలవిద్యుత్తు తీశారు. ఈ దేశంలోని పాత కరెంటు ఆనకట్టల్లో అది ముందు వరసలోది. ఆ కరెంటు కింతా లోయలో తగరం గనులకి వెళ్ళింది. అంతకన్నా వెనక్కి పోతే 1894లోనే సెలంగోర్‌లోని రావాంగ్‌లో, లోక్ యూ అనే చీనా పెద్దమనిషీ తంబుసామి పిళ్ళై అనే తమిళ పెద్దమనిషీ తమ తగరం గనికి కరెంటు పెట్టించారు. మాకు దగ్గర్లోని జెందారాతా తోటని 1906లో మొదలుపెట్టిన ఆగె వెస్టెన్‌హోల్జ్ డెన్మార్క్ ఇంజనీరు. అంతకు మునుపు బాంకాక్‌లో ట్రాములూ కరెంటూ నడిపించినవాడు. అంటే వెలుగు తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేక కాదు. ఆ రోజుల్లో కరెంటు ఖనిజం ఉన్న చోటికి పోయింది. కొబ్బరికాయ దింపడానికి దీపం అక్కర్లేదు, పగలు చాలు. అదే నది నీళ్ళు ఎగువన గనులకి వెలుగిచ్చి, కిందికి వచ్చేసరికి మనవాళ్ళ గుమ్మాల ముందు ఊరికే పారిపోయాయి.

జపాను రోజుల్లో మట్టినూనె కూడా కరువైంది. 1942 జనవరి మొదటివారంలో జపానువాళ్ళ పడవలు బెర్నామ్ మొగ నుంచి పైకి వచ్చి హుతాన్ మెలింతాంగ్‌లో సైన్యాన్ని దింపాయి. ఇప్పుడు మేం బజారుకి వెళ్ళే ఊరు అది. అత్తకి వాళ్ళమ్మ చెప్పిన మాట: ఆ ఏళ్ళలో ప్రమిదలో కొబ్బరినూనె పోసి, పాత చీర పీలిక వత్తి చేసి వెలిగించేవారట. తోటలో కొబ్బరికి లోటు లేదు గనుక నూనె ఉంది, బియ్యమే లేదు. జపానువాళ్ళు వేయిస్తున్న సయాం-బర్మా రైలు దారి పనికి పట్టుకుపోతారని మగవాళ్ళు రాత్రిళ్ళు ఆ ప్రమిద కూడా ఆర్పేసి కూర్చునేవారు. మలయా తోటల నుంచి ఆ పనికి పోయిన కూలీల్లో తెలుగువాళ్ళున్నారు. తిరిగి రానివాళ్ళు చాలామంది.

యుద్ధం అయింది, బ్రిటిషువాళ్ళు తిరిగొచ్చారు. 1948లో కమ్యూనిస్టు గెరిల్లాల మీద ఎమర్జెన్సీ ప్రకటించారు. అది 1960 దాకా నడిచింది. మనకి ఎమర్జెన్సీ అంటే 1975. ఇక్కడివాళ్ళకి ఆ మాట వింటే ముళ్ళకంచె. అడవి అంచున చెదిరి ఉన్న లక్షలమందిని కొత్త గ్రామాల్లోకి తరలించారు, తోటల్లో కూలీల లైన్లని ఒకచోటికి చేర్చి చుట్టూ కంచె బిగించారు. రాత్రి కర్ఫ్యూ. కంచె దాటి అన్నం మూట తీసుకెళ్ళడానికి లేదు, గెరిల్లాలకి చేరుతుందని. దీపాలు వచ్చాయి, కానీ కంచెకి వచ్చాయి. కావలివాడికి కంచె అవతల కదిలేది కనబడాలి గనుక వెలుగు బయటికి చూసేది. అత్త పుట్టింది ఆ కాలంలోనే. వాళ్ళ మడి కంచె బయట పడింది. సాయంత్రం గేటు మూసే వేళకి గంపలతో పరుగున వచ్చేవారట ఆడవాళ్ళు. చీకటి పడ్డాక మొక్కల దగ్గర కనబడితే తుపాకీ పేలవచ్చు. పెరట్లో దీపం అంటే ఆవిడ ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి చుట్టూ చూడటం ఎందుకో, ఈ సంగతి తెలిశాకే నాకు అర్థమైంది.

కరెంటు బోర్డు 1949లో ఏర్పడింది. పట్నాలకీ తర్వాత కంపోంగులనే మలయ్ పల్లెలకీ తీగలు వెళ్ళాయి. తోటలు ప్రైవేటు నేలలు గనుక చాలా చోట్ల ఆలస్యమైంది. అత్త కాపురానికి వచ్చిన తోటలో డీజిల్ ఇంజను ఉండేది. సాయంత్రం ఆరున్నరకి వేస్తే రాత్రి పదింటికి ఆపేసేవారు. ఆపే ముందు దీపాలు ఒకసారి ఆరి వెలిగేవి. అది ఐదు నిమిషాల హెచ్చరిక. ఆ ఐదు నిమిషాల్లో పిల్లల పక్కలు వేయాలి, అంట్లు బోర్లించాలి, దీపం చిమ్నీ తుడవాలి. పరీక్షలున్న పిల్లలు ఆ తర్వాత మట్టినూనె దీపం ముందుకి వెళ్ళేవారు. తోట కార్మికులకి ఇల్లూ నీళ్ళూ కరెంటూ సమకూర్చడం యజమాని బాధ్యతని చెప్పే కనీస ప్రమాణాల చట్టం 1990లో వచ్చింది. అప్పటికి మావయ్య తోట వదిలి, ఈ నేల కొని, ఇల్లు కట్టుకున్నారు. ఇంట్లోకి తీగ వచ్చింది. పెరడు మాత్రం చీకట్లోనే ఉండిపోయింది.

నేను పెట్టిన దీపం చిన్నది. పాక రేకు మీద 20 వాట్ల సోలారు పలక, లోపల 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. బ్యాటరీలో పట్టేది 84 వాట్-అవర్లు. సగానికన్నా కిందికి దించకపోతే నాలుగు కాలాలు మన్నుతుంది. 5 వాట్ల దీపానికి ఆ సగమే ఎనిమిది గంటలు. మన దగ్గర పలకని దక్షిణానికి వంచుతాం. ఇక్కడ సూర్యుడు సగం ఏడాది ఉత్తరాన, సగం దక్షిణాన నడుస్తాడు కాబట్టి ఏ దిక్కైనా పెద్ద తేడా లేదు. వాన కడిగేంత వాలు ఉంటే చాలు. అసలు శత్రువు ఉప్పుగాలి. రాగి తీగ కొసలు ఆరు నెలల్లో పచ్చబడ్డాయి. ఇప్పుడు కొసలకి వాజలీన్ పూసి, టేపు చుట్టి, మూడు నెలలకోసారి విప్పి చూస్తున్నాను.

మొదట తెల్లటి దీపం ఎత్తున కట్టాను. వాన వెలిసిన రాత్రి ఉసిళ్ళు పాక నిండా వచ్చాయి, రెక్కలు ఊడ్చలేక అలసిపోయాను. కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు కూడా వెలుగుకి వస్తుంది. కొబ్బరి ఊళ్ళో ఉంటూ దాన్ని పిలవకూడదు. అందుకే పసుపు వెలుగు దీపం, మోకాలెత్తున, నేలకి తిప్పి పెట్టాను. కాలిబాట కనబడుతుంది, పాము ఉంటే కనబడుతుంది, ఆకుకి చీడ ఉందో లేదో కనబడుతుంది. అంతకన్నా పెరటికి అక్కర్లేదు.

పక్కింటి బంజార్ ఆవిడ చూసి మెచ్చుకుంది. రంజాన్ చివరి రాత్రుల్లో వాళ్ళు ఇంటి చుట్టూ నూనె దీపాలు వరసగా వెలిగిస్తారు. వాటిని మామూలుగా పెలిటా, పెరాక్‌లో పాంజుత్ అంటారు. పోయినేడు ఆ వరస మా కంచె దాకా వచ్చింది. మా దీపావళికి మా ప్రమిదల వరస అటు వెళ్ళింది.

అత్త రాత్రి భోజనమయ్యాక పాకలో పీట మీద కూర్చుంటుంది. గోంగూర ఆకు దూస్తూ, తోటలో పాత మనుషుల కబుర్లు చెబుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో బ్యాటరీ నిండదు. బాగా దిగిపోతే ఆగిపోయేలా ఒక చిన్న పెట్టె బిగించాను. ఆపే ముందు అది దీపాన్ని రెండుసార్లు ఆర్పి వెలిగిస్తుంది. మొన్న వాన రోజున అలాగే ఆరి వెలిగింది. నేను బ్యాటరీ వైపు తిరిగాను. అత్త మాత్రం తల ఎత్తకుండా దూసిన ఆకు చెంగులోకి తీసుకుని, పీట గోడకి ఆనించింది.

"లే అమ్మాయ్," అంది, "పదయింది."

గడియారంలో ఎనిమిదీ నలభై. ఇంట్లోంచి ఇంకో బ్యాటరీ తెచ్చి తగిలించాను. ఆవిడ మళ్ళీ పీట వాల్చుకుని కూర్చుంది.